ఎగుడుదిగుడు అంచు

ఉతికిన బట్టలన్నీ పెరట్లో తీగమీద ఆరేసిన పుష్పావతి ఒక్క డ్రెస్సును మాత్రం గొర్రెల దొడ్డి వెనక్కి తీసుకుపోయి అక్కడి తడికమీద పరిచింది. దొడ్డిలో గొర్రెలు లేవు. పొలాలన్నీ సోలార్ పార్కుకు లీజుకు పోయాక మేపడానికి బీడు లేక మందనంతా అమ్మేశారు. కాబట్టి అటువైపు ఎవరూ రారు. దొంగసొత్తేమీ కాదు, తన కూలితో తాను కొనుక్కున్నదే. అయినా యాభై దాటిన ఆడమనిషి తన బట్ట తాను ఆరేసుకోవడానికి చాటు వెతుక్కోవాల్సి వచ్చిందే అని ఆమెకు తనమీద తనకే చిరాకేసింది. అత్త కదిరమ్మకు సంగటి కెలికిపెట్టి, చీరమీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని పనికి బయల్దేరింది.

పని ఆ పార్కులోనే. ఒకప్పుడు తాము వేరుశనగ వేసిన భూమిలోనే ఇప్పుడు సోలార్ పలకల మధ్య గడ్డి కోస్తుంది, దుమ్ము పట్టిన పలకలు తుడుస్తుంది. అక్కడే చూసింది ప్రతిభ మేడమ్‌ను. తుమకూరు నుంచి వచ్చిన కన్నడ ఇంజినీరు, తల సగం నెరిసింది, రంగు వేయదు. ఆమె వేసుకునే డ్రెస్సుల అంచు ఒక్కటీ సరిగ్గా ఉండేది కాదు. ఒకటి ముందు పొట్టి, వెనక పొడుగు. ఇంకొకటి ఒకవైపు మోకాలి కింద ఆగి, రెండోవైపు మడమ దాకా జారేది. ఆమె నడుస్తుంటే ఆ పొడుగు వైపు గాలికి లేచి పడేది. పుష్పావతి కొడవలి ఆపి చూసేది. చూడగా చూడగా ఒకరోజు అడగనే అడిగింది. "మేడమ్, ఇట్లాంటియ్యి నా వయసోళ్ళు ఏసుకోవచ్చునా?"

ప్రతిభ మేడమ్ నవ్వి, తన వచ్చీరాని తెలుగులో అంది. "నీ వయసే నాకూ పుష్పమ్మా. చిన్నపిల్లలు ఏం ఏసుకున్నా బాగుంటారు. ఇట్లాంటిది మనమే ఏసుకోవాలి. కింద సన్న ప్యాంటు, కాలికి మంచి చెప్పులు. మెడలో ఎక్కువ వద్దు. ముఖ్యంగా పైన టవల్ కప్పుకోవద్దు. అంచు కనపడాలి, అదే దాని అందం."

ఫోనులో ఆమే తెప్పించి పెట్టింది. కుడివైపు మడమ దాకా జారే అంచున్న వంకాయ రంగు నూలు డ్రెస్సు, కింద నల్ల ప్యాంటు. మిగతా ఆడవాళ్ళు బువ్వ తినడానికి కూర్చున్నప్పుడు పుష్పావతి విశ్రాంతి గదిలో తొడుక్కుని పలకల వరసల మధ్యకు నడిచింది. నల్లగా మెరిసే ఆ గాజులో తల నుంచి కాళ్ళ దాకా ఒక మనిషి కనిపించింది. ఇంట్లో అద్దం మొహానికి మాత్రమే సరిపడేది, అదీ మొగుడు ధనంజయ గడ్డం గీసుకునే ఎత్తులో మేకుకు వేలాడుతుంది. తన పిక్క ఎలా ఉంటుందో, నడిచేటప్పుడు తన కాళ్ళు ఎలా కదులుతాయో ఇన్నేళ్ళలో ఆమె చూసుకోనేలేదు. ఆ వరస చివరిదాకా నడిచింది, తిరిగి వచ్చింది. బాగున్నాను అనుకుంది. ఆ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది. చెప్పుకోవడానికి మేడమ్ ఒక్కతే, ఆమెకు ఆ వారమే బదిలీ అయింది. పోతూ పోతూ చెయ్యి పట్టుకుని, "పార్కులో కాదు పుష్పమ్మా, బజార్లో ఏసుకుని తిరుగు" అంది. వచ్చే ఆదివారం వై.ఎన్.హొసకోట బజారుకు అది వేసుకునే పోవాలని పుష్పావతి గట్టిగా అనుకుంది. అందుకే ఉతికింది.

ఆమె బతుకంతా అంచు గొడవే. కాపురానికి వచ్చిన కొత్తలో చీర కొంచెం పైకుంటే కదిరమ్మ "పిక్కలు ఊరికంతా చూపిస్తాండావా" అనేది. దించి కట్టుకుంటే "వీధి ఊడ్చేకి చీపురు ల్యాదా, కుచ్చిళ్ళతో ఊడుస్తాండావు" అనేది. అదే కదిరమ్మ, కలుపు తీసేటప్పుడూ బావిలో నీళ్ళు చేదేటప్పుడూ కోడలు చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి గోచీ దోపుకుంటే పల్లెత్తు మాట అనలేదు. ఎవరూ అనలేదు. మడిలో పదిమంది మగవాళ్ళున్నా ఎవరికీ పిక్కలు కనపడలేదు. పని కోసం ఎంత పైకెత్తినా తప్పు లేదు, ఇష్టం కోసం బెత్తెడు లేస్తే కొంపలు మునిగిపోతాయి. మొగవాళ్ళకు ఈ బాధే లేదు. ధనంజయ పంచె నుంచి లుంగీకి వచ్చాడు, లుంగీ నుంచి ట్రాక్ ప్యాంటుకి, లీజు డబ్బు రావడం మొదలయ్యాక మోకాళ్ళ పైకుండే బర్ముడాకి ఎక్కాడు. ఆ బర్ముడాలోనే టీ అంగడి ముందు కూర్చుని ఊరి పంచాయితీలన్నీ తీరుస్తాడు. ఆయన అంచు ఎక్కడుందో కనుక్కోవడానికి ఇంతవరకు ఒక్క మనిషీ కిందికి చూడలేదు.

సాయంత్రం పని నుంచి వస్తూనే దొడ్డి వెనక్కి పోయింది. తడికమీద డ్రెస్సు లేదు. గాలికి పోయిందేమోనని ముళ్ళకంపల్లో వెతుకుతుంటే ధనంజయ కేక వేశాడు.

"ఏం మే, ఆడ ఏం ఎతుకుతాండావు? ఇట్ల రా. నీ డ్రెస్సు నా తాన ఉండాది."

మంచం మీద చక్కగా మడతపెట్టి ఉంది. ఆయన మొహం వెలిగిపోతోంది. విప్పి రెండు భుజాలు పట్టుకుని ఎత్తి చూపించాడు. అంచు చుట్టూ ఒకే ఎత్తులో, గీత గీసినట్టు సరిగ్గా ఉంది. కుడివైపు జారే గుడ్డంతా కోసేశారు.

"పొద్దున దొడ్డి తట్టు పోతే కనపడింది. ఎవరో నిన్ను బాగా మోసం చేసినారు మే. ఒక పక్క ఇంత, ఒక పక్క అంత. తాగి కుట్టినట్టుండాడు. ఎవురికీ చెప్పుకోల్యాక చాటుగా ఆరేసినావని అర్థమయిపాయ. బండేసుకుని హొసకోటకు పోయి, మిషను కుట్టే నాగక్కతో దగ్గరుండి సరి చేయించుకోనొచ్చినా."

"నా కొడుకు బంగారం" అంది కదిరమ్మ అరుగుమీద నుంచి. "పెండ్లాం బట్టకోసం బండేసుకోని పోయేటోడు ఈ ఊర్లో ఇంకొకడుండాడా?"

ధనంజయ చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యెత్తడు. పుష్పావతి కష్టం కూడా అదే, చెయ్యెత్తని మొగుడిమీద ఎవరికేమని చెప్పుకుంటుంది? ఇన్నేళ్ళలో ఆమె బట్ట గురించి ఆయన తనంతట తాను చేసిన మొదటి పని ఇది. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. తిట్టివుంటే ఎదురు తిరిగేది. ఈ దయకు ఎలా ఎదురు తిరగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"అది అట్లే ఉండాలప్పా" అంది చివరికి. "కావాలనే అట్ల కుట్టినారు దాన్ని. నేను అట్ల కావాలనే తెచ్చుకున్నా."

"వంకరగానా? ఎందుకు?"

"చూసేకి బాగుంటాది."

ధనంజయ నవ్వాడు. ఎగతాళిగా కూడా కాదు, చిన్నపిల్ల ఏదో అడిగితే నవ్వినట్టు నవ్వాడు. "ఈ వయసులో నిన్ను ఎవురు చూసేకి మే?"

ఆ మాట అన్నాక టీవీ పెట్టుకున్నాడు. ఆమె లోపలికి పోయి డ్రెస్సు తొడుక్కుంది. ఒళ్ళంతా ఒక గోతంలో దించేసినట్టుంది. బయటికి వస్తే కదిరమ్మ కళ్ళు చికిలించి చూసి, "ఇప్పుడు బాగుండాది, నైటీ మాదిరే ఉండాది, ఇంట్లో పనికి వాడుకో" అంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా నైటీలోనే నీళ్ళకు పోతారు, అంగడికి పోతారు, పైన ఒక టవలు వేసుకుంటే చాలు. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అది అంట్లు తోమే బట్ట, అందులో మనిషి కనపడదు.

బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు రంజితకు ఫోన్ చేసింది. అంతా విని రంజిత పకపకా నవ్వింది. "అయ్యో అమ్మా! నాయన పాపం మంచికే చేసినాడు కదా. నీకు ఇప్పుడు అట్లాంటి స్టైలు ఎందుకులే, పట్టుచీర తీసిస్తా, కట్టుకో." కూతురు జీన్సు ప్యాంటు వేసుకుంటానంటే ఇంట్లో ఆ పిల్ల పక్షాన నెలరోజులు పోట్లాడింది పుష్పావతే. ఆ సంగతి పిల్లకు గుర్తులేదు. ఫోను పెట్టేశాక ఆమెకు ఏడుపొచ్చింది. మొగుడూ అత్తా ఉన్న ఇంట్లో, ఇంతమంది తెలిసిన ఊళ్ళో, బాగున్నావు అని ఒక్క మాట అనేవాళ్ళు తనకు లేరు.

ఆదివారం చీర కట్టుకునే హొసకోట బస్సెక్కింది. బట్టలంగట్లో ఆకుపచ్చ నూలు గుడ్డ తీసుకుని నాగక్క దగ్గరికి పోయింది. బస్టాండు వెనక చిన్న గదిలో ఒక్కతే మిషను కుడుతుంది నాగక్క.

"రా వదినా. ధనంజయన్న తెచ్చిన డ్రెస్సు సరిపోయిందా? నాకు అప్పుడే అనుమానమొచ్చింది, ఇంత నున్నగా వంకర ఎవురు కుడతారబ్బా అని. అన్న దగ్గరుండి చెప్పినాడు కదా, కోసేసినా."

"నన్నొక మాట అడగాలనిపించల్యా?"

నాగక్క మిషను ఆపింది. "అనిపించల్యా వదినా" అంది మెల్లగా. తర్వాత గుడ్డ అందుకుని, "ఆది తెచ్చినావా?" అని అడిగింది. కొలతకు ఒక పాత బట్ట ఇవ్వడం అందరికీ అలవాటు. పాతదాన్ని బట్టే కొత్తది, దాన్ని బట్టే ఇంకొకటి.

"ఆది ల్యాదు. నన్నే కొలువు."

నాగక్క టేపు తీసింది. భుజం, ఛాతీ, నడుము కొలిచి చీటీమీద రాసుకుని, కింద గొంతుక్కూర్చుంది. చీర కాస్త ఎత్తి పిక్కమీద వేలు పెట్టి, "యాడికి ఆపేది?" అంది. పుష్పావతి కాలిమీద ఇంకొక మనిషి చెయ్యి మెత్తగా పడి ఎన్నేళ్ళయిందో.

"ఎడమ పక్క ఆడికే. కుడి పక్క మడమ దాకా దింపు. ఎవురొచ్చి సరి చేయమన్నా నన్ను అడక్కుండా కత్తెర పెట్టొద్దు."

"పెట్టను." నాగక్క లేచి కొలత రాసుకుంది. "ఎప్పటికి కావాల? ఏం ఫంక్షనుకు వదినా?"

"ఫంక్షనేం ల్యాదు నాగక్కా" అంది పుష్పావతి. "నేనుండాను కదా."