లాహోరు నుంచి వచ్చిన జవాబు

1935 జూన్. ఉత్తరాది కొసన బలూచిస్తాన్‌లోని క్వెట్టా పట్టణం భూకంపంలో నేలమట్టమైందన్న వార్త కోవిల్‌పట్టికి చేరి నాలుగు రోజులైంది. క్వెట్టా రైల్వే తంతి ఆఫీసులో పళనిసామి గుమాస్తా. అతను కోవిల్‌పట్టిలో సేద్యం చేసుకునే తిరుపతిసామికి తోడబుట్టిన తమ్ముడు. అతని భార్య సుబ్బులక్ష్మి, తిరుపతిసామి భార్య రాజమ్మాళ్‌కి సొంత చెల్లెలు. అన్నదమ్ములిద్దరూ అక్కచెల్లెళ్లనే చేసుకున్నారు గనుక ఆ వార్త ఇంట్లో ఎవరినీ వదల్లేదు.

పంపిన తంతులకు జవాబు రాలేదు. ఇక తిరుపతిసామికి మిగిలింది మిద్దె మీది గదిలో ఉన్న వైర్‌లెస్ ఒక్కటే. జర్మనీతో జరిగిన యుద్ధకాలంలో మెసపొటేమియాలో సైన్యానికి తంతులు పంపే సిగ్నలర్‌గా పనిచేసి వచ్చిన మనిషి. రేగడి చేలో పత్తి వేసుకుంటూనే సర్కారు లైసెన్సు తెచ్చుకుని, పంపే యంత్రం, వినే యంత్రం తన చేతులతోనే కట్టుకున్నాడు. తమ్ముడికి తంతి కొట్టే మోర్స్ భాష నేర్పింది అతనే. సేద్యమే చాలునని వాడంటే వినకుండా ఉద్యోగానికని రైలెక్కించిందీ అతనే. అది గుర్తొచ్చినప్పుడల్లా లేచి మిద్దె ఎక్కేవాడు.

మూడు రోజులు పొద్దుగూకే వేళ కూర్చుని ఉత్తరాది ఊళ్లను పిలిచాడు. ఎవరూ పలకలేదు. మూడోనాటికి బ్యాటరీ చచ్చిపోయింది. ఊరికి కరెంటు లేదు. నాలుగోనాడు తెల్లవారగానే దాన్ని గోనెసంచిలో పెట్టుకుని విరుదునగరం రైలెక్కాడు. అక్కడ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ఇంజను చూసే మునుసామి అతనికి పాత స్నేహితుడు. డైనమోకి తగిలించి మధ్యాహ్నం దాకా ఛార్జి చేశాడు.

"గంటన్నర వస్తాదన్నా. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు మునుసామి. తిరుపతిసామి తల ఊపి సంచి భుజానికెత్తుకున్నాడు.

ఇంటికి వచ్చి చూస్తే ఏరియల్ లేదు. మిద్దె మీది సరుగుడు గుంజకీ పెరటి తాటిచెట్టు కొసకీ మధ్య కట్టిన రాగితీగ అది. పడమటి గాలికి తాటిచెట్టు వైపు తాడు తెగింది. రాజమ్మాళ్ తీగనంతా ఏరి మోచేతికి చుట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"మేకలు తొక్కతాయని చుట్టి పెట్టినాను. ఎట్లయినా ఈ పొద్దే కట్టండి," అంది.

తాటిచెట్లెక్కే సోలైమలైని పిలిపించాడు. అతను తలెత్తి ఊగుతున్న చెట్టును చూసి, ఈ గాలిలో ఎక్కితే దిగేది పీనుగేనని అరవంలో చెప్పేశాడు. రేపు చూద్దామన్నాడు.

రేపటిదాకా ఆగే ఓపిక తిరుపతిసామికి లేదు. గాయపడినవాళ్లను రైళ్లలో తలొక ఊరికీ పంపేస్తున్నారని విరుదునగరం స్టేషన్లో ఎవరో పేపరు చదువుతుంటే విన్నాడు. ఒక రోజు పోతే ఆ మనుషుల్ని ఎక్కడని వెతకాలి? పంచె ఎగగట్టి, తీగ కొస నడుముకి కట్టుకుని తనే ఎక్కాడు.

సగం దాకా పోయాడు. గాలి ఒక్క విసురు విసిరితే చెట్టంతా వంగింది. కాళ్లు జారి, మోకాళ్ల దగ్గర తోలు లేచిపోయింది. మానును కావిలించుకుని ఉండిపోయాడు. పైకీ పోలేడు, కిందికీ రాలేడు.

"దిగండీ!" కింద నుంచి రాజమ్మాళ్ అరిచింది. "నా చెల్లెలు పోయింది చాలదని మీరూ పోవాల్నా?"

ఇన్ని రోజులుగా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. 

సోలైమలై తిట్టుకుంటూ చెట్టెక్కే నారబందం కాళ్లకు తగిలించుకున్నాడు. కింద నుంచి వచ్చి తిరుపతిసామి పాదాలకి భుజం ఆనించి, ఒక్కొక్క అడుగే దింపాడు. తరువాత తీగ తీసుకుని తనే పైకి పోయి, కొత్త తాడుతో తీగ కొసన ఉండే పింగాణీ గుండును చెట్టుకు బిగించి వచ్చాడు. ఇస్తానన్న కూలి వద్దని, నీళ్లు మాత్రం అడిగి తాగాడు.

ఆ సాయంత్రం అరగంట పిలిచాక, బుసబుసల మధ్య సన్నగా ఒక జవాబు వినబడింది. లాహోరు. తనలాగే సొంత వైర్‌లెస్ పెట్టుకున్న మనిషి. తిరుపతిసామి తమ్ముడి పేరూ మరదలి పేరూ పంపాడు. స్టేషనుకీ ఆస్పత్రులకీ తానే పోయి వెతుకుతానని, రేపు ఇదే వేళకు పిలవమని ఆ మనిషి చెప్పాడు.

మరునాడు ఇంట్లో పొయ్యి రాజుకోలేదు. పొద్దుగూకే వేళకు తల్లి తాయమ్మాళ్ కూడా గోడ పట్టుకుని మిద్దె ఎక్కి వచ్చింది. తిరుపతిసామి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. లాహోరు పలికింది. ఒక్కొక్క అక్షరమే కాగితం మీద పడింది. పళనిసామి ప్రాణాలతో ఉన్నాడు. తలకు గాయం. లాహోరు ఆస్పత్రి.

"అమ్మా! పళని ఉండాడు! బతికి ఉండాడు!" అని ఆగలేక అరిచేశాడు.

తాయమ్మాళ్ నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. రాజమ్మాళ్ ఏడుస్తూనే నవ్వింది. "సుబ్బు? సుబ్బు సంగతేమంటా ఉండారు?"

'భార్య' అన్న మాట వచ్చింది. ఆ తరువాత బుస్సుమన్న హోరు. మళ్లీ పంపమని అడిగాడు. మళ్లీ హోరే. బ్యాటరీ అడుగంటి, యంత్రపు గాజు వాల్వులోని వెలుగు ఎర్రబడి కుంగిపోతోంది. రాజమ్మాళ్ అతని భుజం మీద చెయ్యి వేసింది.  మూడోసారి అక్షరాలు తేటగా వచ్చాయి. ఆ మనిషి అదే మాటను రెండుసార్లు పంపాడు. అంతలో బ్యాటరీ ఆరిపోయింది.

తిరుపతిసామి ఫోన్లు తీశాడు. వినబడలేదని చెప్పవచ్చు. బ్యాటరీ పోయింది, ఎవరూ కాదనరు. రాజమ్మాళ్ ముఖం వైపు చూశాక ఆ అబద్ధం నోటికి రాలేదు.

"లేదు రాజూ," అన్నాడు. "సుబ్బు లేదు. ఇల్లు మీద పడినాదంట."

"ఇంకొక తూరి అడగండి. సరిగా వినలేదేమో."

"రెండు తూర్లు చెప్పినాడు."

సంతోషంతో ఏడుస్తున్న తాయమ్మాళ్ గొంతు అక్కడికక్కడే ఆగిపోయింది. కొడుకు బతికాడని కోడలి ముందు అంతగా గోలపెట్టినందుకు ఆమె తల ఎత్తలేకపోయింది. పాక్కుంటూ వచ్చి రాజమ్మాళ్‌ని ఒళ్లోకి లాక్కుంది. రాజమ్మాళ్ ఏడవలేదు. "ఆయప్పకు ఆడ ఎవురుండారు, గంజి పోసేదానికి?" అని మరిది గురించి అడిగింది.

తెల్లవారి రైలుకి భార్యాభర్తలిద్దరూ లాహోరు బయలుదేరారు. రైళ్లు మారి నాలుగోనాటికి చేరారు. ఆస్పత్రిలో తలకు కట్టుతో పడుకున్న పళనిసామి వదినను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. రాజమ్మాళ్ పోయి మంచం పక్కన కూర్చుంది. అతను ఇటు తిరిగేదాకా అలాగే కూర్చుంది.