ఊకనే వచ్చిన సీడీ

మే నెల ఇరవై తారీకు నాడు నా కంప్యూటర్ పండుకున్నది. విండోస్ లేస్తలేదు. నీలం తెర సూపెట్టుడు, మళ్ల మొదటికొచ్చుడు, గిదే లొల్లి. అండ్ల సాంబయ్య సార్ పుస్తకమున్నది. మల్కాజిగిరిల ఉండే రిటైర్డ్ టీచరాయన. నలభై ఏండ్ల సంది మన తెలంగాణ మాటలన్ని చీటీల మీద రాసి పెట్టుకున్నడు. జూన్ రెండుకు రాష్ట్రమొస్తది, ఆ పొద్దే పుస్తకం బయటికి రావాలని ఆయన పట్టు. ఆరు నెలలు నడుము ఇరిగేటట్టు కూసొని టైపు జేసిన. ఇంకో కాపీ ఉన్నదా అంటే లేదు. పెన్ డ్రైవ్‌ల ఏసుకోవాలన్న సోయి నాకు లేకపాయె.

నాచారంల మా ఎదురింటాయన కనకరాజు. తణుకు మనిషి. హబ్సిగూడల ఏదో కంపెనీల కంప్యూటర్లు సూసే నౌకరి. ఆదివారం గాకపోయినా సెలవు పెట్టి మరీ వచ్చిండు. సాంబయ్య సార్ అప్పటికే చీటీల సంచి ఒళ్లె పెట్టుకొని మా ఇంట్ల కూసున్నడు.

"మీ డబ్బా పాతదండీ. ఉన్నదే అయిదొందల పన్నెండు ఎంబీ ర్యాము. కొత్త విండోస్ వేస్తే మొయ్యలేదు. ఎక్స్‌పీని కంపెనీ వాళ్లే ఏప్రిల్లో వదిలేశారు. విండోస్ బదులు తేలికపాటి లినక్స్ ఏదైనా చూద్దాం" అన్నడు కనకరాజు.

"ఎంతయితది?"

"ఉచితమండీ."

గీ మాట ఇనంగనే నా మనసుల పురుగు తొలిసింది. ఉప్పల్ మార్కెట్ల ఇంత కరివేపాకు కొసరు కోసం కొట్లాడాలె. గసొంటిది కంప్యూటర్‌నే నడిపించే సామాను ఊకనే ఇస్తడా ఎవడన్న? ఏదో మతలబు ఉంటది.

మూడు రకాల లినక్స్ సీడీలు తెచ్చిండు. సీడీ మీది నుంచే నడిపి సూడొచ్చునట, లోపల దేన్ని ముట్టదట, నచ్చిందే ఎక్కించుకోవాల్నట. మొదటిది లేసేసరికి నేను చాయ్ పెట్టి, తాగి, గిన్నెలు గూడ కడిగిన. రెండోదాని పేరు పప్పీ అన్నడు. "కుక్కపిల్లనా? నా పానం పోతుంటే నవ్వులాటనా అన్నా?" అన్న. ఉరుకుడైతే మస్తు ఉరికింది గని, ఏది ఏడున్నదో నాకు సమజ్ కాలే. మూడోది లుబుంటు. అడుగుకు పట్టీ, మూలకు మెనూ, విండోస్‌కు పాలోళ్ల లెక్కనే, అచ్చం అదే పోలికల ఉన్నది.

"ఇది మీకు సరిపోద్దండి. తేలిక, అలవాటూ తొందరగా అవుద్ది" అన్నడు.

నేను తెర దిక్కు సూస్తలేను, ఆయన చేతి ఏళ్ల దిక్కు సూస్తున్న. ఏడ ఏం నొక్కుతుండో అని.

నా డబ్బా లోపలున్న పుస్తకం ఫైలు తెరిసిండు. తెలుగు లేదు! ఒక్క అక్షరం లేదు. పేజీ నిండ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు. కింది పేజీ గట్లనే, దాని కింది పేజీ గట్లనే. సాంబయ్య సార్ సంచి కిందవడ్డది.

"ఏం జేసినవ్?" అని ఒర్రిన.

"నేనేం చెయ్యలేదండీ. ఇది బహుశా..."

"బహుశా లేదు, గిహుశా లేదు! సక్కగున్న తెలుగును ఏంది గిట్ల జేసినవ్? మా మాటలు అచ్చయితుంటే మీ ఆంధ్రోళ్లకు కడుపుమంట. ఊకనే అన్నప్పుడే అనుకున్న నేను!"

"ఆగు బిడ్డా, జర ఆగు" అంటున్నడు సార్. నేనెక్కడ ఆగుత?

కనకరాజు మొకం కందగడ్డ అయింది. లేసి పోయిండు. సీడీ గూడ తీసుకపోలే.

పావు గంటకు ప్రెస్సు దయాకర్ ఫోన్ జేసిండు, ఫైలు ఎప్పుడు పంపుతవని. ఏడుసుకుంట చెప్పిన, తెలుగంత ఇంగ్లీషయి కూసున్నదని. వాడు పకపక నవ్విండు. "ఫాంటు లేదేమో సూడక్కా. ఫాంటు ఎక్కించుకోకుండ ఫైలు తెరిసి లొల్లి పెట్టిన్రని పోయినసారి మమ్మల్నే తిట్టినవ్ గద!"

వాడు జెప్పింది నిజమే. ఈ పాత ఫాంటుల కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కాడ గిట్లనే కనవడ్తది. పన్నెండేండ్ల సంది గిదే పని నాది. పది మందికి నేర్పిన. అనుమానం నెత్తికెక్కితే నేర్సిన ఇద్దె గూడ యాదికి రాదు. సిగ్గుతోని సచ్చిపోతున్న.

పోయి ఎదురింటి ముంగట నిలవడ్డ. "తప్పయింది అన్నా. రా."

వచ్చిండు. మా గడప కాడ ఆగిండు.

"లోపలికి రా అన్నా."

"వద్దండి. మళ్లీ ఏదన్నా అయితే నేనే చేశానంటారు. ఇక్కడ నుంచే చెబుతాను, మీరే నొక్కండి."

చెప్పులు గూడ ఇడవలే. నేను ఎనక్కి ఎనక్కి సూసుకుంట నొక్కుతున్న. విండోస్ ఫోల్డర్‌ల నా ఫాంటు దొరికింది. కాపీ జెయ్యమన్నడు, జేసిన. ఏడ పెట్టాల్నో చెప్పిండు, పెట్టిన. "ఫైలు మూసి తెరవండి" అన్నడు.

తెరిసిన. మాటలన్ని వచ్చినయ్. రెండొందల పేజీలకు రెండొందల పేజీలు. సాంబయ్య సార్ తెర మీద చెయ్యి పెట్టి ఒక్కొక్క మాట సదువుతున్నడు.

"ముందు పెన్ డ్రైవ్‌లో వేసుకోండి" అని ఇనవడ్డది.

"అన్నా, వచ్చినయే!" అని మర్లి సూసేసరికి గడప కాడ ఎవ్వలు లేరు. ఎదురింట్ల గడియ పడ్డ సప్పుడు. ఆరేండ్లల్ల పట్టపగలు వాళ్లు ఆ తలుపేసుకునుడు నేనెన్నడు సూడలే.