మూడో బెడ్డు నోట్‌బుక్కు

మా అత్తగారికి ఒక మహా చెడ్డ అలవాటుంది. ఆవిడ అన్నది చివరికి నిజమై కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా భరిస్తున్నాను. ఆసుపత్రిలో పసిపిల్లల్ని ఎత్తుకుని ఊరుకోబెట్టే సేవకి వెళ్తున్నానంటే, "వెళ్ళు తల్లీ, మంచిపనే. నోరు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు" అన్నారు.

నోరు ఇంట్లోనే పెట్టాను. పెన్ను పట్టుకెళ్ళాను.

అక్కడ పని తేలికే. గాజులు తీసి, మోచేతుల దాకా కడుక్కుని, గౌను తొడుక్కుని, కన్నవాళ్ళు దగ్గర లేని వేళ పిల్లల్ని ఎత్తుకోవాలి. ప్రతి బెడ్డుకీ ఒక నోట్‌బుక్కు వేలాడుతుంటుంది. ఎంతసేపు ఎత్తుకున్నామో, ఏం చేస్తే ఊరుకున్నారో మాలాంటివాళ్ళు అందులో రాయాలి. అంతే. డిగ్రీ చదివినదాన్ని, అంతటితో ఊరుకుంటానా?

మూడో బెడ్డు వాడు నెలలు నిండకుండా పుట్టాడు. నేను బుడంకాయ్ అనేదాన్ని. వీపు మీద రెండు వేళ్ళతో తడితే చాలు, నా భుజం తడిపేస్తూ నిద్రపోయేవాడు. మూడు వారాలు మధ్యాహ్నాలు వెళ్ళాను. వాళ్ళమ్మ ఒక్కసారీ కనపడలేదు. ఒళ్ళు మండి రాశాను: "నలభై నిమిషాలు. వీపు తడితే పడుకున్నాడు. తల్లి ఈరోజూ రాలేదు. కన్నంత మాత్రాన సరిపోదు." చివరి వాక్యం నాకే ముద్దొచ్చి, కింద గీత కూడా గీశాను.

తర్వాతి వారం వెళ్ళేసరికి బెడ్డు పక్కన ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ యూనిఫాం, మెడలో కార్డు. బుడంకాయ్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"ఎత్తుకోమ్మా" అన్నాను.

"మీరే ఎత్తుకోండాంటీ. మీకైతే ఊరుకుంటాడంట కదా. బుక్కులో ఉంది."

నర్సు నన్ను పక్కకి లాగింది. "రోజూ షిఫ్టుకి ముందు తెల్లారుజామున ఐదింటికే వచ్చేదండీ. గంటసేపు గుండెకి హత్తుకుని కూర్చునేది. తల్లులు బుక్కులో రాయరు కదా, మీకెలా తెలుస్తుంది! మొన్న మీరు రాసింది చదివింది. అప్పట్నుంచీ వాణ్ణి ముట్టుకోవట్లేదు. ఇవాళ సగం రోజు సెలవు పెట్టి, మీరెలా ఎత్తుకుంటారో చూసి నేర్చుకుంటానని వచ్చింది."

మొహం ఎక్కడ పెట్టుకోను? తెరిచి ఉన్న నోట్‌బుక్కులో గీత గీసిన వాక్యం ఇంత దూరానికీ కనపడుతోంది. కాగితం చింపేయొచ్చు. చదివేసినదాన్ని ఎలా చింపడం?

గౌను తొడుక్కుని వచ్చాను కానీ చేతులు చాపలేకపోయాను. వాడి మొహం కందిపోయింది. ఆమె చేతులు లేచి, మధ్యలో ఆగాయి. నా వైపు చూసింది, ఎత్తుకోవచ్చా అన్నట్టు. కన్నతల్లి, నన్ను అడుగుతోంది!

"అది రాసింది నేనేనమ్మా."

"తెలుసు" అంది తలెత్తకుండానే. "దస్తూరీ బాగుంది."

"దస్తూరీ ఒక్కటే బాగుంది. నువ్వు ఎప్పుడొస్తావో ఎవర్నీ ఒక్క మాటైనా అడక్కుండా రాసేశాను. వాణ్ణి ఎత్తుకో తల్లీ. తప్పు నాది."