అద్దంలో కనపడకపోతే

అక్టోబరు వచ్చిందంటే ఒరెగాన్ తీరంలో, ట్రక్కుకు తగిలించి లాక్కెళ్ళే ట్రైలర్ ఇళ్ళవాళ్ళందరి నోటా ఒకటే మాట: "ఈ చలికాలం ఎక్కడ?" ఎండలున్నన్నాళ్ళూ ఎక్కడైనా బతకొచ్చు. వానలు దిగాక మాత్రం ఆ రేకుగోడల మధ్య వసంతం దాకా ఎక్కడ కూర్చోవాలో ముందే తేల్చుకోవాలి. చోటు తప్పిందంటే ముందు పరుపు కింద బూజు పడుతుంది, తర్వాత ఛాతీలో పడుతుంది.

ఆర్లీస్ ఛాతీలో పోయినేడే పడింది. మొగుడు మెర్విన్ తీసుకెళ్ళి నది పక్కన పెద్ద దేవదారు చెట్ల కింద ట్రైలర్ పెట్టాడు. చెట్ల కింద వాన వెలిశాక కూడా వానే, కొమ్మలు రోజంతా కారుతూనే ఉంటాయి. వద్దు మొర్రో అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. "గాలికి అడ్డుంటుందే, నీకేం తెలుసు?" అన్నాడు మహానుభావుడు. క్రిస్మస్ నాటికి మంచం వెనక గోడంతా నల్లటి మచ్చలు. ఫిబ్రవరిలో ఆమె ఆసుపత్రి పాలైంది. ఇంకొక్క చలికాలం ఆ తడిలో గడిపితే ఆ ఊపిరితిత్తులకు నేను పూచీ పడనని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పేసింది. అప్పుడు మెర్విన్ భార్య చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు అరిజోనా ఎడారికి పోదాం, ఒట్టు" అన్నాడు.

ఆ ఒట్టు పట్టుకునే ఆర్లీస్ వేసవంతా గడిపింది. ఎడారిలో ఆమె పాత స్నేహితురాలు లియోటా ఉంది. భర్త పోయాక పెద్ద బస్సింట్లో ఒంటరిగా ఉంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా, "ఇక్కడ బట్టలు ఆరేస్తుండగానే ఆరిపోతాయే, వచ్చెయ్యి" అనేది.

తీరా దక్షిణానికి బయల్దేరాక, దారిలో ఒక సముద్రపు పాయ దగ్గరున్న ట్రైలర్ క్యాంపులోకి మెర్విన్ బండి తిప్పాడు. రెండు రాత్రులు పీతలు పట్టుకుని పోదామన్నాడు. ఆ రెండు రాత్రులూ సాగి సాగి వారం దాటాయి. వాన మొదలైంది. ఆ వెంటే ఆర్లీస్‌కు దగ్గూ వచ్చింది.

ఆ సాయంత్రం టార్పాలిన్ కింద పీతలు ఉడుకుతున్నాయి. చుట్టూ నలుగురైదుగురు మగవాళ్ళు బీరు డబ్బాలు పట్టుకుని కూర్చున్నారు. క్యాంపు చూసుకునే హబర్ట్ వచ్చి ఆర్లీస్ వైపు చెయ్యి చాపాడు.

"సంతోషమమ్మా. రేపటినుంచి మరుగుదొడ్లు నీ చేతిలో, పొయ్యిగుంటలు మెర్విన్ చేతిలో. ఆ పనికి బదులుగా మార్చి దాకా మీ చోటు ఊరికే."

ఆర్లీస్ మొగుడి మొహం చూసింది. అతను పీత కాలు విరుస్తున్నాడు.

"నాతో ఒక్క ముక్కైనా చెప్పావా?"

"చెబితే ఏడుస్తావనే చెప్పలేదు. మొగుడూపెళ్ళాలకే ఇస్తారు ఈ పని, లేకపోతే నిన్నడిగేదెవడు?"

"అవునమ్మా, ఒంటరివాళ్ళకి ఇవ్వం. పోయినేడు ఒకాయన పెళ్ళాం చచ్చిపోతే, అంత్యక్రియలయిన మర్నాడే ట్రైలర్ లాక్కెళ్ళమన్నాం పాపం. రూలు రూలే కదా" అన్నాడు హబర్ట్.

"నాకు తడి పడదు, హబర్ట్. ఈయనకి తెలుసు."

"మా ఆవిడకి వాన పడదు గురూ, చలి పడదు, నేనూ పడను. తిండి ఒక్కటే పడుతుంది!" అన్నాడు మెర్విన్. అందరూ గొల్లుమన్నారు. ఆమె ఏదో అనబోయింది గానీ దగ్గు తెర అడ్డొచ్చింది. వంగిపోయి, కుర్చీ పట్టుకుని దగ్గింది. దూరంగా సముద్రపు రాళ్ళమీద, చేపలు తిని బతికే నీటిసింహాలు దగ్గినట్టే మొరుగుతున్నాయి. మెర్విన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అదిగో, వాటి చెల్లెలు ఇక్కడుందని పిలుస్తున్నాయి" అని, తానూ అలాగే మొరిగి, పీతల ఎరకు తెచ్చిన చేప తలకాయ ఒకటి తీసి ఆమె కాళ్ళ దగ్గరికి విసిరాడు. "తినవే, తిను!"

నవ్వనివాడు లేడు. ఆర్లీస్‌కు తల కొట్టేసినట్టయింది. లేచి ట్రైలర్ లోపలికి వెళ్ళిపోయింది.

మెర్విన్ లోపలికి వచ్చాక అడిగింది. "ఒట్టు పెట్టావు కదా."

"ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి చెబుతాం. నా మోకాలితో అరిజోనా దాకా ట్రక్కు నడపలేను."

"నేను నడుపుతాను."

"ఇంత ట్రైలర్ వెనకేసుకుని నువ్వా? కొండలోకి తోలతావు!" ఆ ట్రక్కు ఆర్లీస్ తమ్ముడు ఆమెకిచ్చిందే. తాళాలు మాత్రం ఏనాడూ మెర్విన్ జేబు దాటలేదు.

"మరి నా ఛాతీ?"

"తేమ లాగే మిషను ఉందిగా. దాన్ని పక్కన పెట్టుకుని పడుకో." పీత గుజ్జు వేళ్ళనుంచి నాక్కుంటూ ఇంకో మాట కలిపాడు. "చచ్చేవాళ్ళు ఎక్కడైనా చస్తారు. ఇక్కడైతే చోటన్నా ఊరికే."

అంతటి మాట అన్నవాడు వెంటనే గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఆర్లీస్ మంచం చివర కూర్చుని అతన్నే చూసింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఒళ్ళంతా మంటగా ఉంది, అంతే.

పొద్దున్నే స్నానాల గది వెనక నిలబడి లియోటాకు ఫోన్ చేసింది.

"ఇప్పుడొస్తే చోటుందా?"

"బ్రహ్మాండంగా ఉంది. ట్రైలర్ పెట్టుకోడానికి పక్కనే ఖాళీ."

"ట్రైలర్ కాదే. నేనొక్కదాన్నే."

"అయితే మంచం వేసి ఉంచుతా" అంది లియోటా.

ట్రైలర్‌ను హబర్ట్ చూపించిన చోటికి మార్చాలి. ఎక్కడనుకున్నారు? దేవదారు చెట్ల కిందే. మెర్విన్ ట్రక్కెక్కాడు, ఆర్లీస్ వెనక నిలబడింది. ట్రైలర్‌వాళ్ళు కాపురంలో మొట్టమొదట నేర్చుకునేది ఇదే. వెనక నిలబడ్డ మనిషి చేతులతో దారి చెప్పాలి. చేతులు తిప్పితే రమ్మని, తలపైన అడ్డంగా పెడితే ఆగమని. ఆ మనిషి ట్రక్కు అద్దంలో కనపడకపోతే, ఏమైనా సరే, బండి ఆపేయాలి. మెర్విన్ ఒకసారి ఆపలేదు. ఆమె చెయ్యి స్తంభానికీ ట్రైలర్‌కీ మధ్య నలిగింది. ఆ చిటికెన వేలు ఇప్పటికీ వంగదు. ఆ రోజు ఆమె నొప్పితో కేకలు పెడుతుంటే, "నువ్వే పక్కకి తప్పుకోవాల్సింది" అన్నాడు.

ఈసారి ఆమె చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. ట్రైలర్ గీత గీసినట్టు చోట్లో కూర్చుంది. మెర్విన్ దిగి చూసి మెచ్చుకున్నాడు.

"ముసలితనంలో నేర్చుకున్నావే!"

"నేర్చుకున్నాను" అంది ఆర్లీస్.

ఆమె ట్రైలర్ ఇనప కాళ్ళు దించి, ట్రక్కును దాన్నుంచి విడదీసింది. మెర్విన్ మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "గ్యాసు అయిపోయింది. రెండు సిలిండర్లూ ఊళ్ళోకి తీసుకెళ్ళి నింపుకుని రా. దార్లో డోనట్లు కూడా" అంటూ, మోకాలి పుణ్యమా అని, జేబులోంచి తాళాలు తీసి విసిరాడు. అవి బురదలో పడ్డాయి. ఆమె వంగి తీసుకుంది.

సిలిండర్లు రెండూ వెనక ఎక్కించింది. లోపలికెళ్ళి తేమ లాగే మిషను తెచ్చి, ముందు సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా పెట్టింది.

"అదెందుకే?"

"కారుతోంది. చూపించుకొస్తా."

"త్వరగా రా. మధ్యాహ్నానికి దొడ్లు కడగాలి, హబర్ట్ ఊరుకోడు."

ట్రక్కు కదిలింది. సిలిండర్లు లేకుండా ఆ ట్రైలర్‌లో పొయ్యి వెలగదు, వేడి రాదు. పెళ్ళాం లేదని తెలిసిన రోజున హబర్ట్ ఆ చోట్లో ఉండనివ్వడు. ట్రక్కు లేకుండా ట్రైలర్ అంగుళం కదలదు. ఇవన్నీ ఆర్లీస్‌కు తెలుసు. తెలిసే పోతోంది. కనీసం ఒక్క సిలిండరన్నా దించి పోదామా అని గేటు దగ్గర అనిపించింది. చేప తలకాయ గుర్తొచ్చింది. దించలేదు.

గేటు దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు ఊరు, కుడికి దక్షిణపు రోడ్డు. ఆమె కుడి లైటు వేసింది. చెట్ల సందులోంచి మెర్విన్‌కు ఆ లైటు కనపడినట్టుంది. అద్దంలో చూస్తే కుంటుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. "ఆర్లీస్! అటు కాదే! ఆర్లీస్!" అని అరుస్తున్నాడు. అరుపు అందదనుకున్నాడో ఏమో, చేతులు రెండూ తలపైన అడ్డంగా పెట్టాడు. ఆగమని.

ఇన్నేళ్ళలో అతను ఆమెకు ఆ సైగ చెయ్యడం అదే మొదలు.

బురదలో అతని కాలు జారింది. అద్దంలో చేతులు గాల్లోకి లేచాయి, తర్వాత మనిషి కనపడలేదు. చెట్లూ, వానా మాత్రమే కనపడుతున్నాయి.

ఆర్లీస్ కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. ట్రక్కు ఆగింది. కిటికీ దించితే అతని మూలుగు వినపడేదేమో. ఆమె దించలేదు. అద్దంలోకే చూసింది. అతను లేవలేదు.

"నువ్వే పక్కకి తప్పుకోవాల్సింది" అంది అద్దంతో.

బ్రేకు మీంచి కాలు తీసి, కుడి పక్కకి తిప్పింది.