నూట ఎనభై బారల గుట్ట

మైనం వాసన.

సీసపు గుండు అడుగున బొటనవేలు పట్టేంత గుంట. ఆ గుంటలో మెత్తని మైనం. తాడు కట్టి సముద్రంలోకి వదిలితే, అడుగున ఏముంటే అది మైనానికి అంటుకుని పైకి వస్తుంది — ఇసుకో, బురదో, గవ్వ ముక్కో.

నాన్న దాన్ని నాలుక మీద వేసుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. పడవ ఎక్కడుందో చెప్పేవాడు.

అలాంటి మనిషికి లెక్క రాదన్నారు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. లోతులు కొలిచే పడవలోకి కొత్తగా యంత్రం వచ్చింది. అది కిందికి శబ్దం పంపుతుంది. శబ్దం తిరిగొచ్చే వేళను బట్టి లోతు చెబుతుంది. ఒకచోట నూట ఎనభై బారల్లో — బారంటే చాచిన రెండు చేతుల పొడవు — నేల ఉందంది. నాన్న తాడు వేశాడు. తాడు నూట ఎనభై దాటింది, రెండు వందలు దాటింది... తాడే అయిపోయింది.

"అక్కడ నేల లేదు," అన్నాడు నాన్న, కుండబద్దలు కొట్టినట్టు.

పెద్దాఫీసరు యంత్రాన్నే నమ్మాడు. పటంలో గుట్ట గీయించి, దానికి ముచ్చటగా తన పేరే పెట్టుకున్నాడు. నాన్నను పడవ దింపి, పటాలకు రంగులు వేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ గుట్ట చుట్టూ నీలం వేయాల్సిందీ ఆయనే. వేశాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

చాలాసేపు కడుక్కున్నాడు.

ఇప్పుడు ఆ పటం మళ్లీ అచ్చుకు వెళుతోంది. ఇప్పుడు ఆ పడవలో లోతులు కొలిచేది నేను. ఆ గుట్ట ఉందన్న చోట పడవ ఆపి తాడు వేయనివ్వమని అడిగాను.

"ఒక్క గంట, అమ్మాయ్," అన్నాడు కెప్టెన్. "ఆ పైన నేనాగను."

"గంట చాలా ఎక్కువండీ."

ధీమాగానే అన్నాను. ధీమాగానే ఉన్నాను. కానీ తాడు నూట ఎనభై దగ్గర ఆగితే, నాన్న మాట కూడా అక్కడే ఆగిపోతుంది.

యంత్రం గీత గీసింది. నూట ఎనభై బారలు. అదే గుట్ట.

గుండు వదిలాను. నాన్న తాడే — దానికి ఇంకో తాడు ముడివేశాను. పది బారలకో ఎర్ర పీలిక, అమ్మ పాత దుప్పటిది. వేళ్ల మధ్య నుంచి పీలికలు జారుతున్నాయి. నూట అరవై... నూట డెబ్బై... నూట ఎనభై...

తాడు ఆగలేదు.

రెండు వందలు. మూడు వందలు. నాలుగు వందల పన్నెండు దగ్గర గుండు నేలను తాకింది. చేతికి తెలిసింది. ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడ్చాను.

గుండు పైకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. మైనం నిండా బూడిదరంగు బురద. తాడు మధ్యలో, పీలికకు చిక్కుకుని, వేలి గోరంత రొయ్య ఒకటి. యంత్రం మీద గీత మాత్రం కదులుతోంది. నూట అరవై. నూట నలభై. వెలుగు తగ్గేకొద్దీ గుట్ట పైకి లేస్తోంది.

కెప్టెన్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "గుట్టలు నడుస్తాయా అమ్మాయ్?"

"ప్రాణమున్నవైతే నడుస్తాయండీ."

శబ్దానికి తగిలింది నేల కాదు. రొయ్యల గుంపు. కోట్ల కోట్ల రొయ్యలు.

ఇంట్లో, కిటికీ పక్క బల్ల మీద, నాన్న ముందు గుండు పెట్టాను. పక్కనే సీసాలో రొయ్య. ఆయన బురద గిల్లి నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"నాలుగు వందల పైమాటే."

"నాన్నా, ఆ గుట్టను పటంలోంచి తీయిస్తాను. నువ్వు చెప్పిందే నిజం."

ముప్పై ఏళ్లుగా ఆయన కోసం దాచిన మాట. ఆయన విన్నట్టే లేడు. సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"గుట్ట సంగతి వదిలెయ్యవే. ఇవి పొద్దుగూకగానే పైకెందుకొస్తున్నట్టు? తెల్లారితే ఎక్కడికి పోతున్నట్టు?"

"ఏమో నాన్నా."

"ఏమో అంటే ఎలాగే?"

గుండును దగ్గరకు లాక్కున్నాడు. పాత మైనం గీకేశాడు. కొత్త ముద్దను గుంటలో పెట్టి గట్టిగా నొక్కాడు.

మైనం వాసన.

మైనం మీద నాన్న బొటనవేలి ముద్ర. ఇంకా ఏమీ అంటుకోలేదు...