గుడారం బ్యాడ్జి

ఎవరి గుడారం వాళ్లే వేసుకోవాలి, వేసినవాళ్లకే బ్యాడ్జి అని వేసవి క్యాంపుకొచ్చిన పిల్లలకి స్కౌటు మాస్టారు గొంతు చించుకుని చెప్పాడు. వెంట వచ్చిన పెద్దవాళ్లు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతలే నిలబడాలన్నాడు.

ఆయన విజిల్ ఊదాడో లేదో, తల్లిదండ్రులు బిలబిలమంటూ తాడు దాటేశారు. "మావాడికి ఎండ పడదండీ" అంటూ ఒక తండ్రి కొడుకు చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. పిల్లలు వెళ్లి కార్లలో ఏసీ వేసుకుని ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

మాస్టారికి ఒళ్లు మండింది. సాయంత్రం పిల్లల్ని పక్కకి నెట్టి, పెద్దవాళ్లనే వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి చొక్కాకీ బ్యాడ్జి గుచ్చాడు. ఈ దెబ్బతో సిగ్గుతో చచ్చిపోతారని ఆయన ఆశ.

సుత్తి లాక్కున్న తండ్రి తన బ్యాడ్జి సరిచేసుకుని, పక్కాయన చొక్కా వంక అదోలా చూశాడు.

"మాస్టారూ, ఈయన గుడారం ఒరిగిపోయింది కదా. ఇద్దరికీ ఒకే బ్యాడ్జా?"