నొప్పేం లేదు ఉస్తాద్

ఇంతలా అరిస్తే వీడి గొంతుకేం కాదా, రాత్రికి ముద్దయినా దిగుతుందా, అనుకున్నాడు నానాజీ, తెర మీద డ్రిల్ ఉస్తాదు హీరో ముక్కుకి ముక్కు ఆనించి తిట్లు లంకించుకున్నాడు, వాన, బురద, వెనక డప్పులు, అనకాపల్లి హాలంతా ఈలలు, పక్క సీట్లో చెల్లెలు పావని పాప్‌కార్న్ నమలడం కూడా మర్చిపోయింది, వచ్చే సోమవారమే దాని ప్రయాణం, మిలటరీ పోలీసులో ఆడపిల్లల బ్యాచ్, నెలల తరబడి రోజూ పరుగు తీసి సెలెక్టయింది, అందుకే చీడికాడ నుంచి బస్సెక్కించి మరీ లాక్కొచ్చింది, అన్నియ్యా, నువ్వు ఎల్లొచ్చినోడివి కదా, అక్కడ ఇలాగే ఉంటాదో లేదో సూసి సెప్పు, అని, ఏం చెబుతాడు, అక్కడ వానకి డప్పులుండవు, తడిసిన మేజోళ్లుంటాయి, ఒరిసిపోయిన మడమలుంటాయి, ఇక్కడ ఒక్క పాటలో అయిపోయే ట్రైనింగు అక్కడ ఒక్క పూట గడిచేసరికే ప్రాణం తోడేస్తుంది.

తన ఉస్తాదు అరిచేవాడు కాదు, అదే కదా వచ్చిన చిక్కు, పొట్టిగా, డ్రాయింగు మాస్టారిలా ఉండే ఉత్తరాది హవల్దారు, సాయంత్రం బారక్‌కి వచ్చి టార్చిలైటు వేసి ఒక్కొక్కడి పాదాలు చూసేవాడు, ఈయనేం ఉస్తాదురా అని కుర్రాళ్లంతా చాటుగా నవ్వుకున్నారు, చేరకముందు ఊళ్లో చెరుకు తోటల పక్క రోడ్డు మీద పరుగు తీసినన్నాళ్లూ ఫోన్లో చూసినవి ఇలాంటి సీన్లే మరి, కాలు విరిగినా ఆగని హీరో, ఆఖర్న తిట్టినవాడే కొట్టే సెల్యూట్, ఆ సెల్యూట్ కావాలంటే ముందు నొప్పి దాచాలి, మోకాలి కింద ఎముకలో సూది గుచ్చినట్టు మొదలైన రోజుల్లో ఆయనే పక్కకి పిలిచి అడిగాడు, కాలు నొప్పా బేటా, ఉంటే చెప్పు, ఇప్పుడు కూర్చుంటే అతుక్కుంటుంది, దాస్తే విరుగుతుంది, నొప్పేం లేదు ఉస్తాద్, అన్నాడు నానాజీ ఛాతీ విరుచుకుని, అప్పుడు తన చెవిలో డప్పులు మోగిన మాట నిజం, ఆయన కాసేపు అలాగే చూసి, సరే, అన్నాడు, తర్వాత రాళ్లదారి పరుగులో ఎముక పుటుక్కుమంది, సెల్యూట్ ఎవడూ కొట్టలేదు, ఆస్పత్రి, కాల్లో స్టీలు ప్లేటు, ఇంటికి పొమ్మన్నారు, ఇప్పుడు పరవాడలో కంపెనీ గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం, ఆ ఉస్తాదు సేతులు పడిపోను, నా కొడుకు కాలు ఇరగ్గొట్టేసేడు, అని అమ్మ కాసులమ్మ వచ్చిన వాళ్లందరి దగ్గరా శాపనార్థాలు, కాదమ్మా, నేనే దాసేను, అంటే, నువ్వూరుకోరా, ఆడంటే నీకింకా బయవే, అంటుంది, పావనికీ చెప్పాడు, అదయితే నవ్వేసింది, నీకు ఓర్పు తక్కువ అన్నియ్యా, నేను ఓర్సుకుంటాను సూడు.

తెర మీద హీరో కూలబడ్డాడు, లేచాడు, విరిగిన కాలు ఈడ్చుకుంటూ గీత దాటాడు, ఉస్తాదు చెయ్యి మెల్లగా పైకి లేచి సెల్యూట్, హాలు దద్దరిల్లింది, నానాజీకి కళ్లు తడిశాయి, ఛీ, అన్నీ తెలిసిన వెధవని, నాకే ఇలా అయితే దానికింకెలా ఉంటుంది, ఇంటర్వెల్ లైట్లు పడ్డాయి, సమోసా తెచ్చుకుందాం పద, అంది పావని.

బాల్కనీ మెట్లు, జనం, అది ముందు దిగుతోంది, ఒక చెయ్యి కమ్మీ మీద, ఎడమ పాదం పూర్తిగా ఆనించడం లేదు, అంచు మోపి గబుక్కున ఎత్తేస్తోంది, ఆ అడుగు అతనికి తెలుసు, నెల పాటు తను నడిచిన అడుగే అది, ఏటే, కాలు నొప్పెడతందా, అన్నాడు, అబ్బే, లేదన్నియ్యా, వెనక్కి తిరగలేదు, వీపు మాత్రం నిటారుగా లేచింది, డాట్రుకి సూపిద్దాం పావనీ, ఇప్పుడైతే అతుక్కుంటాది, ఏటీ లేదంటే ఇనవేటి నువ్వు, అని కసిరింది, గట్టిగా అరవాలనుకున్నాడు, తెర మీద వాడిలా ముక్కుకి ముక్కు ఆనించి, కానీ అరిచినా అదే జవాబు, అరిచే కొద్దీ ఇంకా గట్టిగా అదే జవాబు, దాని వీపుకేసి కాసేపు అలాగే చూశాడు, అప్పుడు తెలిసింది, ఆ రోజు ఉస్తాదు నమ్మలేదు, ఆయనకి తెలుసు, తెలిసీ, నొప్పి ఒప్పుకోనివాణ్ని అడగడం తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు, సరే, అన్నాడు నానాజీ.